పేషెంటు బయట ఉన్నాడండీ

రాజమండ్రి దానవాయిపేటలో ఏ ఆసుపత్రికెళ్ళినా అమ్మిరాజు చెప్పులు ఎక్కడ విడవాలా అని తడుముకునేవాడు కాదు. ఏ గుమ్మం పక్కన నీడ ఉంటుందో, ఏ బెంచీ మీద కూర్చుంటే ఫ్యాను గాలి తగులుతుందో, ఏ మెట్ల కింద మంచినీళ్ళ కుండ ఉంటుందో, ఏ కౌంటరు దగ్గర నవ్వుతూ అడగాలో, ఏ కౌంటరు దగ్గర నవ్వకుండా అడగాలో ఆయనకి కంఠతా వచ్చు. అలాగని ఆయన డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. జొన్నాడకి కాస్త ఎగువన, గౌతమి గట్టు కింద ఊళ్ళో కొబ్బరితోటా, కొంచెం వరిచేనూ ఉన్న రైతు.

అయినా ఆ ఊళ్ళో ఎవరికి నలతగా ఉన్నా ముందు కబురు అమ్మిరాజుకే వెళ్ళేది. ఆయన వచ్చి, మంచం పక్కన స్టూలు వేయించుకుని, పాత మందుచీటీలన్నీ తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి, చివరికి "ఇది మనవల్ల కాదు, రాజమండ్రి వెళ్ళాలి" అనేవాడు. ఆయన వల్ల అయ్యేది ఏదో ఒకటి ఉన్నట్టు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, గొడుగు, భుజాన గుడ్డసంచీతో బస్టాపులో రోగికంటే ముందు ఆయనే ఉండేవాడు. రక్తపరీక్ష ఉంటుందనిపిస్తే రోగి చేత కాఫీచుక్క తాగనిచ్చేవాడు కాదు. పరీక్ష అయ్యాక కోటిపల్లి బస్టాండు దగ్గర ఇడ్లీ తినిపించేదాకా ఇంటికి కదలనిచ్చేవాడూ కాదు. ఇంత చేసి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "ఆసుపత్రి అమ్మిరాజు" అని ఎవరైనా అంటే మాత్రం విననట్టు నటిస్తూ, రెండోసారి అనేదాకా అక్కడే నిలబడేవాడు.

ఈ విద్య ఆయనకి ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట వాళ్ళమ్మ పశువులపాకలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆసుపత్రంటే ఆయనకి వాసన తప్ప ఏమీ తెలియదు. అమ్మని స్ట్రెచరు మీద వదిలి, ఎవరో చెయ్యి చూపించిన వరసలో వెళ్ళి కూర్చున్నాడు. వరసలో అందరూ మగవాళ్ళే. అందరూ తలలు దించుకుని ఉన్నారు. పాపం, వీళ్ళ అమ్మలకి కూడా ఎముకలే విరిగి ఉంటాయనుకున్నాడు. తన వంతు వచ్చాక నర్సమ్మ పిల్లలెంతమంది అని అడిగింది. ఇద్దరన్నాడు. ఇంట్లో ఒప్పుకున్నారా అంది. ఒప్పుకోకపోవడమేంటండీ, నొప్పికి ఏడుస్తోంది, తొందరగా చెయ్యండన్నాడు. ఆవిడ మెచ్చుకోలుగా తలూపి, లోపలికెళ్ళి పంచె విప్పి ఆకుపచ్చ గుడ్డ కట్టుకోమంది. గుడ్డ కట్టుకుని బల్ల ఎక్కాక గానీ అది పిల్లలు పుట్టకుండా చేసే ప్లాను ఆపరేషను వరస అని తెలియలేదు ఆయనకి. ఆ గుడ్డతోనే వరండా పొడుగునా పరిగెత్తి అమ్మ దగ్గర ఆగాడు.

వాళ్ళమ్మ ఆ ఆసుపత్రిలో చాలాకాలం ఉండిపోయింది. ఆమె మంచం పక్కన ఉంటూ అమ్మిరాజు ఆ భవనం అంతా తిరిగి తిరిగి, ఏ తలుపు వెనక ఏముందో నేర్చుకున్నాడు. తన ఊరి మనిషి ఎవడూ తప్పు బెంచీ మీద కూర్చోకూడదని అప్పుడు పెట్టుకున్న పంతం, అమ్మ కోలుకుని ఇంటికొచ్చాక కూడా ఆయన్ని వదల్లేదు. తర్వాత ప్రైవేటు ఆసుపత్రులు ఒక్కొక్కటే లేచాయి, స్కానింగులు వచ్చాయి, లిఫ్టులు వచ్చాయి. ఏది వచ్చినా దాని సంగతి ముందు ఆయన చూసుకునేవాడు. మొదటిసారి లిఫ్టు ఎక్కినప్పుడు ఏ బొత్తాం నొక్కాలో తెలియక, వచ్చేపోయేవాళ్ళతో కలిసి చాలాసేపు పైకీ కిందకీ తిరిగాడనీ, అడిగితే ఎవరికోసమో చూస్తున్నానన్నాడనీ ఆయన బావమరిది అచ్చిబాబు చెప్పుకుని నవ్వేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. డాక్టరు గదిలో రోగి మాట్లాడకూడదు. అమ్మిరాజే చెప్పాలి. ఎప్పుడు మొదలైంది, ఏం తింటే ఎక్కువవుతుంది, ఏ నాటువైద్యం వాడారు, ఏది దాచారు అన్నీ వరసగా, గట్టిగా, గుమ్మం బయట బెంచీ దాకా వినిపించేలా చెప్పేవాడు. పల్లెటూరి వాళ్ళకి డాక్టరు ఎదురుగా నోరు పెగలదు కాబట్టి వాళ్ళకీ ఇది హాయిగానే ఉండేది. డాక్టర్లకి టైము కలిసొచ్చేది. ఆడవాళ్ళతో మాత్రం కొంచెం తంటా. మగాడి ముందు చెప్పుకోలేక ప్రతి ఆడమనిషీ "కడుపులో నొప్పి" అనే చెప్పేది. ఎదురింటి పాపాయమ్మ అలాగే చెప్పి బయల్దేరితే, ఆవిడ రిక్షాలో ఓ పక్కకి ఒరిగి కూర్చున్న తీరు చూసి అమ్మిరాజు కడుపు డాక్టరు దగ్గరికి కాకుండా తిన్నగా లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. జారిన గర్భసంచీకి ఆపరేషనయ్యి ఆవిడ బాగుపడింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఊళ్ళో ఎక్కడ నలుగురు కనిపించినా ఆయన ఉపన్యాసం అదే. ఒంటికొచ్చిన జబ్బుకి సిగ్గేంటి, సిగ్గుపడితే జబ్బు సిగ్గుపడుతుందా అని.

చిక్కంతా ఏంటంటే, ఆ ఉపన్యాసం చెప్పే రోజుల్లోనే అమ్మిరాజు కూడా బస్సులో ఓ పక్కకి ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

డెల్టా ఊళ్ళల్లో ఈ జబ్బు కొత్తది కాదు. మురుక్కాలవలు, వాటి మీద దోమలు, ఆ దోమలు కుడితే కొందరికి బోదకాలు, కొందరు మగవాళ్ళకి వరిబీజం. కాలు వాస్తే నలుగురూ చూసి అయ్యో అంటారు. వృషణాల సంచీలో నీరు చేరి బరువెక్కితే మాత్రం ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. ఆ మనిషి వీధి మలుపు తిరిగాక అంటారు. అనేవాళ్ళల్లో అచ్చిబాబు ఒకడు. వాడి నోటికి భయపడే ఊళ్ళో సగంమంది మగవాళ్ళు పంచెలు వదులుగా కట్టుకునేవాళ్ళు.

అమ్మిరాజు ముందు సైకిలు మానేశాడు. సీటు చిరిగిందన్నాడు. భార్య సూర్యకళ కొత్త సీటు వేయించింది. టైర్లు బాగాలేవన్నాడు. తర్వాత లుంగీ మానేసి ఇంట్లో కూడా పంచే కట్టడం మొదలుపెట్టాడు. పెద్దరికం వచ్చాక లుంగీ ఏం బాగుంటుందన్నాడు. మెట్లు ఎక్కాల్సి వస్తే రోగుల్ని ముందు నడవమని తను వెనకాల మెల్లగా ఎక్కేవాడు. వాళ్ళు పడితే పట్టుకోవడానికట. ఇలా ప్రతిదానికీ ఓ సమాధానం దొరికింది గానీ, వణుకు జ్వరానికి చెప్పిన మలేరియా ఆయనకే నమ్మకం కలిగించలేదు. అమావాస్య ముందో వెనకో గజగజ వణికించి, గజ్జల్లో బిళ్ళ కట్టి, ఒళ్ళు పులిసిపోయేలా నొప్పి పెట్టి పోయేది. రెండోసారి వచ్చినప్పుడు ఆయనకి నిజంగానే భయం వేసింది. ఇలాంటి జ్వరాలు నిర్లక్ష్యం చేసిన మనుషుల్ని ఆయనే స్వయంగా ఆసుపత్రికి మోసుకెళ్ళాడు మరి.

ఆపరేషను చేయించుకోవాలి. అందులో అనుమానం లేదు. ఎక్కడ చేయించుకోవాలి అన్నదే తెగని ప్రశ్న. రాజమండ్రిలో ఆయన్ని ఎరగని వాచ్‌మన్ లేడు. ఏ బెంచీ మీద చూసినా తను ఎప్పుడో తీసుకొచ్చిన మనిషో, వాళ్ళ చుట్టమో ఉంటారు. ఆసుపత్రులన్నీ తెలిసిన మనిషికి వెళ్ళడానికి ఒక్క ఆసుపత్రి లేకుండా పోయింది.

బాగా ఆలోచించి, చెరకు విత్తనం చూసొస్తానని ఇంట్లో చెప్పి, రెండు గోదావరి పాయలూ దాటి తణుకు వెళ్ళాడు. అక్కడ తననెవరూ ఎరగరు. ఓ కొత్త ఆసుపత్రి కనిపిస్తే ధైర్యంగా లోపలికెళ్ళి చీటీ రాయించుకుని కూర్చున్నాడు కూడా. పక్కన ఒక ముసలావిడ ఎక్స్‌రే గది ఎటు నాయనా అని అడిగింది. నాకూ తెలియదండీ అంటే సరిపోయేది. కానీ ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వచ్చింది కాదు. లేచాడు. వెతికాడు. చూపించాడు. ఆవిడ్ని లోపలికి పంపి, ఆవిడ చెప్పులు కాపలా కాసి, ఫిలిం ఆరేదాకా ఆగి, డాక్టరుకి చూపించి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పి రిక్షా ఎక్కించాడు. తిరిగొచ్చేసరికి ఆయన పేరు రెండుసార్లు పిలిచి, డాక్టరు భోజనానికి వెళ్ళిపోయాడు. కౌంటరు దగ్గర కుర్రాడు మాత్రం ఎంతో ముచ్చటపడి, మీలాంటి మంచివాళ్ళు ఉండాలండీ, ఇంతకీ మీరు ఎవర్ని తీసుకొచ్చారండీ అని అడిగాడు. ఎవర్నీ లేదు బాబూ, ఊరికే చూద్దామని వచ్చాను అని చెప్పి బస్సెక్కేశాడు. చెరకు విత్తనం ఎలా ఉందని సూర్యకళ అడిగితే, ఇంకా ముదరలేదన్నాడు.

మూడోసారి జ్వరం తగిలి తగ్గాక ఆయనకి ఇంకో ఉపాయం తోచింది. అచ్చిబాబు కొన్నాళ్ళుగా మోకాలు నొప్పి అని మూలుగుతున్నాడు. వాణ్ణి తీసుకుని రాజమండ్రిలో సర్జన్ ఉదయభాస్కర్ గారి దగ్గరికెళితే సరి. వాణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపల తన జబ్బుని ఎవరిదో రోగిది అన్నట్టు చెప్పి, సంగతులన్నీ కనుక్కోవచ్చు. ఆపరేషనుకి ఎన్నాళ్ళుండాలి, కోత ఎక్కడ పెడతారు, మందులతో లొంగుతుందా, అసలు ఎవరికీ తెలియకుండా అవుతుందా. అన్నీ తెలిశాక నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఇంత తెలివైన ఏర్పాటు తనకి ముందే ఎందుకు తట్టలేదా అని దారంతా తనని తానే మెచ్చుకున్నాడు.

"మోకాలికి సర్జనెందుకు బావా?" అని బస్సులో అచ్చిబాబు అడిగాడు.

"నీకేం తెలుసు? ఈయన అన్నీ చూస్తాడు."

డాక్టరు ఉదయభాస్కర్ నెమ్మదస్తుడు. అమ్మిరాజు గదిలోకి రాగానే ఎవరి సంగతండీ ఈసారి అన్నాడు. పేషెంటు బయట ఉన్నాడండీ, బాగా సిగ్గరి అని మొదలుపెట్టి అమ్మిరాజు మొత్తం చెప్పుకొచ్చాడు. ఎవరి జబ్బు గురించీ అంత వివరంగా ఎప్పుడూ చెప్పి ఉండడు. రాత్రి పడుకుంటే ఏ పక్కకి తిరిగితే లాగుతుందో, ఏ మెట్టు దగ్గర ఆగాలనిపిస్తుందో, జ్వరం వచ్చే ముందు వేళ్ళ చివర్లు ఎలా చల్లబడతాయో కూడా చెప్పాడు. డాక్టరు వింటూ వింటూ పెన్ను పక్కన పెట్టాడు. అడిగినవాటికన్నిటికీ ఓపిగ్గా సమాధానాలు చెప్పాడు. అంతవరకూ అమ్మిరాజు అనుకున్నట్టే జరిగింది.

ఆయన అనుకోనిదల్లా ఒక్కటే. కౌంటరులో ఉండే తబిత మంచి పనిమంతురాలు. అమ్మిరాజుగారు తీసుకొచ్చిన మనిషిని ఎక్కువసేపు కూర్చోబెట్టడం ఇష్టం లేక, వార్డు బాయ్‌కి చెప్పి అచ్చిబాబుని పక్క తలుపు గుండా పరీక్ష గదిలోకి పంపించి బల్ల ఎక్కించింది. డాక్టరు కుర్చీలోంచి లేచి తెర తీసేసరికి అచ్చిబాబు వెల్లకిలా పడుకుని, పంచె రెండు చేతులా పట్టుకుని వార్డు బాయ్‌తో వాదిస్తున్నాడు.

"మోకాలికి ఇంత పైదాకా ఎందుకయ్యా? కావాలంటే కిందనించి చూసుకోమను."

డాక్టరు వెళ్ళి ఒక చేత్తో నొక్కి చూశాడు. అచ్చిబాబుకి కితకితలు పుట్టి బల్ల మీద ఎగిరిపడ్డాడు. ఇంకో పక్క నొక్కి చూశాడు. చేతులు కడుక్కున్నాడు. అప్పుడు మాత్రం ఏంటి మీ బాధ అని అచ్చిబాబునే అడిగాడు. ఎడం మోకాలండీ, చలి రోజుల్లో మరీనండీ అన్నాడు వాడు.

డాక్టరు అమ్మిరాజు వైపు చాలాసేపు చూశాడు. కోపంగా చూడలేదు, అదే అమ్మిరాజుకి ఎక్కువ కష్టమైంది.

"అమ్మిరాజుగారూ, మీరు చెప్పిన పేషెంటు ఇంకా బయటే ఉన్నట్టున్నాడు. ఆయనకి నా మాటగా చెప్పండి. ఇప్పుడైతే చిన్న పని. మళ్ళీ జ్వరం వచ్చి లోపల చీము పట్టిందంటే చిన్న పని కాదు. అప్పుడు తీసేయాల్సి రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. సిగ్గరి అన్నారు కదా. ఈ సంగతి మీరు చెబితే వింటారేమో చూడండి."

"చెప్తానండీ" అన్నాడు అమ్మిరాజు. ఆ గదిలో అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం అదే మొదలు.

తిరుగు ప్రయాణంలో అచ్చిబాబు వేమగిరి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వేమగిరి దాటాక సీటు కదలడం మొదలైంది. చూస్తే వాడు తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు. కన్నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ బావ వైపు చూసి, మళ్ళీ కుక్కుకున్నాడు. బస్సులోని ఆడవాళ్ళు, ఎవరో పోయారనుకుని జాలిగా చూశారు.

"నీ జబ్బుకి నన్ను పడుకోబెడతావా బావా? ఇంకా నయం, ఆయన కత్తి తీశాడు కాదు."

అమ్మిరాజు వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్ళో అనొద్దురా అన్నాడు. పొలం నీటి వంతు దగ్గర కూడా బావమరిదిని బతిమాలని మనిషి. అచ్చిబాబు నవ్వు ఆపాడు. నేనెవరికి చెప్తాను బావా అన్నాడు. వాడు ఆ మాట మీద నిలబడ్డాడనే చెప్పాలి. ఎందుకంటే బస్సు దిగి బావ తోటవైపు తిరగగానే తిన్నగా అక్క దగ్గరికెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆవిడొక్కదానికే చెప్పాడు.

సూర్యకళ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. ఆయన పంచెలు ఉతికేది నేను కదరా, నాకు తెలియకపోవడమేంటి అంది. మరి తెలిసి ఊరుకున్నావా అని వాడు అడిగితే, ఊరుకోలేదట. సైకిలు సీటు మార్పిస్తే చెప్తాడనుకుంది, చెప్పలేదు. దుప్పట్లు కప్పినప్పుడు అడిగితే మలేరియా అన్నాడు. ఊరందరి రోగాలూ విప్పి చెప్పే మనిషి తనకొచ్చినదాన్ని ఇంటి మనిషికి చెప్పుకోలేకపోవడం చూసి కోపం వచ్చి, ఎన్నాళ్ళు దాస్తాడో చూద్దామనుకుంది. అచ్చిబాబు డాక్టరు మాట మొత్తం చెప్పాడు. చీము సంగతి వినగానే ఆవిడ చేట కింద పెట్టేసింది.

అమ్మిరాజు తోటలోంచి వచ్చేసరికి అరుగు మీద తన గుడ్డసంచీ సర్ది ఉంది. ఇస్త్రీ చొక్కా దాని మీద ఉంది. సూర్యకళ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్తున్నాం" అంది.

"ఎవరికి బాలేదు?" అన్నాడాయన. అలవాటు.

ఆయన సంచీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. కోతలయ్యాక వెళ్దామన్నాడు. హైదరాబాదులో ఎవరో మంచి డాక్టరు ఉన్నాడట, అక్కడైతే ఎవరూ... అని ఇంకేదో మొదలుపెట్టాడు. సూర్యకళ ఆయన దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా, నెమ్మదిగా అంది.

"నవ్వేవాళ్ళు ఎంతసేపు నవ్వుతారండీ? మీరు లేకపోతే నేను ఎన్నేళ్ళు ఏడవాలి?"

మర్నాడు హాలు నిండా జనం. కిందటి నెల ఆయనే తీసుకొచ్చిన ఒకాయన కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. ఆలమూరు నించి తెలిసినవాళ్ళు ఇద్దరు. కపిలేశ్వరపురం మాస్టారు ఒకరు. ఆయన్ని చూడగానే అందరి మొహాల్లోనూ వెలుగు. ఎవర్నండీ తీసుకొచ్చారు ఈసారి అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఆయన నవ్వాడు. ఎవరో అప్పుడే సూర్యకళ వైపు తిరిగి, ఏంటమ్మా ఒంట్లో ఎలా ఉంది, అమ్మిరాజుగారుండగా మీకేం భయంలేదు అన్నారు. దారి ఇట్టే తెరుచుకుంది. ఆవిడ పేరు చెప్పెయ్యొచ్చు. ఆవిడకి కడుపులో నొప్పి అని చెప్పెయ్యొచ్చు. లోపలికెళ్ళాక డాక్టరుగారితో మెల్లగా చూసుకోవచ్చు. సూర్యకళ కూడా కాదనలేదు, అవుననలేదు. ఊరికే ఆయన మొహం వైపు చూస్తూ నిలబడింది.

కౌంటరు అవతల తబిత చీటీ ముందుకు లాక్కుని, పేషెంటు పేరు చెప్పండి అమ్మిరాజుగారూ అంది.

ఆయన గొడుగు కౌంటరుకి ఆనించాడు. అది జారి కింద పడింది. వంగి తీయబోయి, వంగలేక ఆగిపోయాడు. సూర్యకళ తీసి పట్టుకుంది. అప్పుడాయన గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఊరి వాళ్ళ జబ్బులు చెప్పిన గొంతు ఒకటే ఉంది ఆయన దగ్గర. చిన్నగా చెప్పడం దానికి రాదు.

"అమ్మిరాజు. నేనే తబితమ్మా. వరిబీజం. జ్వరం మూడుసార్లు వచ్చింది."

హాలంతా వినపడింది. తబిత పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. వయసెంతండీ అంది, అందర్నీ అడిగినట్టే. మాస్టారు పేపరు మడత తీసి చదవడం మొదలుపెట్టాడు. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు గానీ, పక్కనున్న పెద్దావిడ చూసిన చూపుకి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు. అమ్మిరాజు ఎవరి వైపూ చూడకుండా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఈసారి ఫ్యాను కింద చోటు వెతుక్కోలేదు.

కాసేపటికి స్తంభం పక్కనున్న ఒక భారీ మనిషి, వదులు పంచె సర్దుకుంటూ జరిగి జరిగి ఆయన పక్కకి వచ్చాడు. ఎటో చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అడిగాడు.

"కోతంటే నొప్పెక్కువ ఉంటుందంటారా అండీ?"

"తెలియదండీ" అన్నాడు అమ్మిరాజు. చెప్పాక ఆ మాట ఆయనకే చిత్రంగా తోచింది. "అయ్యాక చెప్తాను."

ఆపరేషను సులువుగానే జరిగింది. కట్టుతో మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆయన్ని చూడటానికి ఊరంతా వచ్చింది. ముందు మొహమాటంగా వచ్చారు. ఎలా పలకరించాలో తెలియక కొబ్బరిబోండాలు గుమ్మంలో పెట్టి నిలబడ్డారు. పాపాయమ్మ మాత్రం స్టూలు లాక్కుని దర్జాగా కూర్చుని, సిగ్గు మీద ఆయన ఉపన్యాసాన్ని పొల్లుపోకుండా ఆయనకే అప్పజెప్పింది. ఆయన కదల్లేని స్థితిలో ఉండటంతో మొత్తం వినాల్సి వచ్చింది. అచ్చిబాబు బల్ల ఎక్కిన కథ తన మీదే వేసుకుని అందరికీ చెప్పాడు. అది విన్నవాళ్ళు వాణ్ణి చూసి నవ్వారు గానీ, బావని చూసి నవ్వడం మర్చిపోయారు. వాడు కావాలని చేశాడో, కథ బాగుంటుందని చేశాడో వాడికే తెలియాలి.

తర్వాత జరిగిందే ఎవరూ ఊహించనిది. ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక, పెరటి దారిన మనుషులు రావడం మొదలుపెట్టారు. గేదెకి చిట్టూ తవుడూ కావాలని ఒకడు, నిచ్చెన కావాలని ఒకడు. చిట్టు తీసుకుని, నిచ్చెన తీసుకుని, వెళ్ళకుండా నిలబడేవాళ్ళు. అమ్మిరాజు ఏమీ అడిగేవాడు కాదు. కూర్చోమనేవాడు. చాలాసేపటికి, బాగా దించుకున్న తలలోంచి మాట వచ్చేది. ఎన్నాళ్ళబట్టి అని, జ్వరం వస్తోందా అని, అంతవరకే ఆయన అడిగేవాడు. నొప్పి సంగతి అడిగితే మాత్రం దాచకుండా చెప్పేవాడు. మొదటి రోజు ఉంటుంది, రెండోనాటికి తగ్గుతుంది, దగ్గు రాకుండా చూసుకోవాలి, ఎవరన్నా నవ్విస్తే మాత్రం చచ్చే నొప్పి, అచ్చిబాబుని లోపలికి రానీయకండి అని.

ఆ వేసవిలో ఒక పొద్దున్న ఆయన వెంట నలుగురు మగవాళ్ళు బస్సెక్కారు. నలుగురూ ఓ పక్కకి ఒరిగి కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, గొడుగు, గుడ్డసంచీ ఎప్పటిలాగే. ఆసుపత్రి హాల్లో మంచి బెంచీ చూసి కూర్చోబెట్టాడు, టోకెన్లు తీసుకున్నాడు, కుండలోని నీళ్ళు ఇప్పించాడు. మొదటి మనిషి పేరు పిలవగానే ఆ మనిషి అమ్మిరాజు వైపు చూశాడు, ఇక మీరు చెప్పండి అన్నట్టు. ఆ మనిషి పేరు బుల్లిరాజు. కొబ్బరికాయల వ్యాపారి. సంతలో బేరం కుదిర్చేటప్పుడు వాడి గొంతు కాలవ అవతలికి వినపడుతుంది.

అమ్మిరాజు కౌంటరు దాకా పక్కనే నడిచాడు. తబిత చీటీ తీసి పేరు అడిగింది. బుల్లిరాజు పేరు చెప్పాడు. కంప్లయింటు ఏంటండీ అంది. వాడి నోరు తెరుచుకుని, మూసుకుంది. తబిత అమ్మిరాజు వైపు చూసింది. ఆయన మాట్లాడలేదు. బుల్లిరాజు భుజం మీద చెయ్యి వేసి, గోడ మీద గడియారం వైపు చూశాడు. తొందరేం లేదు. మధ్యాహ్నం దాకా డాక్టరుగారు ఉంటారు.